పక్షవాతం తర్వాత చేతికి తొడుగు: కదలించాల్సింది ఎవరు?



ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. సన్నని దారం ఒకటి తీసుకుని మధ్యలో తెంపండి. ఆ రెండు కొసలనూ మళ్ళీ ముడివేయండి. ఇప్పుడు అదే పనిని ఒక్క చేత్తో చేయడానికి ప్రయత్నించండి. మొదటిసారి కొన్ని క్షణాల్లో అయిపోయిన పని రెండోసారి దాదాపు అసాధ్యమని మీకే తెలుస్తుంది.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఈ ముడి మీద ఆధారపడి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాపీ నది ఒడ్డున ఉన్న ఆ నగరం కృత్రిమ పట్టు చీరలకూ, వజ్రాల సానకూ పేరు పొందింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు తరాలుగా అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. లింబాయత్ వంటి పేటల్లో వీధిలో తెలుగు మాట వినబడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నెలకొల్పింది. మరమగ్గాన్ని కరెంటు నడుపుతుంది, నిజమే. కానీ పడుగులో పోగు తెగితే వెదికి పట్టుకుని ముడివేయాల్సింది, నాడెలో కండె అయిపోతే మార్చాల్సింది మనిషి చెయ్యే. నేసిన గుడ్డ కొలతను బట్టే కూలీ. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే ఆ ఇంటి ఆదాయం కూడా ఆ రోజే ఆగిపోతుంది.

అప్పుడు ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "చెయ్యి మళ్ళీ వస్తుందా?" ఈ మధ్య దానితో పాటు రెండో ప్రశ్న కూడా వినిపిస్తోంది: "చేతికి తొడిగే మిషన్లు వచ్చాయట కదా, అవి కొంటే నయమవుతుందా?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదకడమే ఈ పాఠం.

దెబ్బ తగిలింది ఎక్కడ?

పక్షవాతం వచ్చిన చేతిని పరీక్షించి చూడండి. ఎముకలు విరగలేదు. కండరాలు తెగలేదు. చర్మం మీద గాయం లేదు. అయినా చెయ్యి కదలదు. ఎందుకంటే దెబ్బ తగిలింది మెదడుకు.

మన శరీరం బరువులో మెదడు బరువు సుమారు 2 శాతమే. కానీ మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఈ సరఫరా రక్తం ద్వారా జరుగుతుంది. ఒక రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం బయటికి వచ్చినా, అది పోషించే భాగంలోని నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టాడు.

మెదడు ఎడమ సగం నుంచి బయలుదేరిన నాడీతంతువుల్లో ఎక్కువ భాగం మెదడు అడుగున అవతలి వైపుకు దాటి శరీరం కుడి సగానికి వెళ్తాయి. అందుకే ఎడమ మెదడులో దెబ్బ తగిలితే కుడిచెయ్యి పడిపోతుంది. మాట్లాడే సామర్థ్యానికి కేంద్రాలు కూడా చాలామందిలో ఎడమ సగంలోనే ఉంటాయి. కనుక కుడిచెయ్యి పోయినవారిలో చాలామందికి మాట కూడా తడబడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

కాలితో పోలిస్తే చెయ్యి ఎందుకు ఆలస్యంగా కోలుకుంటుంది? చేతి పని అంత సున్నితమైనది కనుక. ఒక్కో చేతిలో మణికట్టుతో కలిపి 27 ఎముకలు ఉంటాయి. 1937లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ అనే శస్త్రవైద్యులు మెదడు పైపొర మీద ఏ భాగం ఏ అవయవాన్ని కదిలిస్తుందో పటంలా గీశారు. ఆ పటంలో మొండెం కన్నా చేతికీ ముఖానికీ దక్కిన చోటు చాలా ఎక్కువ. అరచేయి చిన్నదే, కానీ దాని కోసం మెదడు కేటాయించిన స్థలం పెద్దది. పోయింది కూడా అంతే పెద్దది.

ఇంకొక విశేషం. మీ ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతి దగ్గర పట్టుకుని, కుడిచేతి వేళ్ళను ఆడించండి. ముంజేతిలో కండరాలు కదలడం తెలుస్తుంది. మన వేళ్ళలో కండరాలు ఉండవు. అరచేతిలోనూ ముంజేతిలోనూ ఉన్న కండరాలు స్నాయువులనే తాళ్ళతో వేళ్ళను లాగుతాయి. బొమ్మలాటలో తెర వెనుక మనిషి తాళ్ళు లాగినట్టన్నమాట. చేతికి తొడిగే పరికరాలు చాలావరకు ఈ ఏర్పాటునే అనుకరిస్తాయి.

మెదడు మళ్ళీ నేర్చుకుంటుందా?

చచ్చిపోయిన నాడీకణం తిరిగి బతకదు. కానీ దాని పక్కనున్న కణాలు కొత్త అనుబంధాలు ఏర్పరచుకుని ఆ పనిని కొంతవరకు అందుకోగలవు. దీన్ని నాడీ మార్పుశీలత అనవచ్చు. 1996లో రాండల్ఫ్ నూడో, ఆయన సహచరులు కోతుల మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. కోతి మెదడులో చేతికి సంబంధించిన చిన్న భాగం దెబ్బతిన్నాక, చేతికి శిక్షణ ఇవ్వకపోతే చుట్టుపక్కల బాగున్న భాగంలో కూడా చేతి పటం కుంచించుకుపోయింది. చిన్న గుంటల్లోంచి తిండి గింజలు తీయించి శిక్షణ ఇచ్చిన కోతుల్లో ఆ పటం నిలిచింది. కొన్నింటిలో పక్క భాగాల్లోకి విస్తరించింది కూడా.

అంటే పక్షవాతం తర్వాత మెదడు ఒక సంతలాంటిది. దుకాణం తెరవకపోతే ఆ చోటును పక్కవాడు ఆక్రమిస్తాడు. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ మరో ప్రమాదాన్ని కూడా గుర్తించాడు. పడిపోయిన చేత్తో ప్రయత్నించి, విఫలమై, విసుగుపుట్టి, రోగి అన్ని పనులూ రెండో చేత్తో చేసుకోవడం అలవాటు చేసుకుంటాడు. కొన్ని వారాలకు ఆ చేతిలో కొంత శక్తి తిరిగివచ్చినా దాన్ని వాడడు. వాడకపోవడమే అలవాటుగా మారిపోతుంది.

ఎన్నిసార్లు? ఎప్పుడు?

మీరు అక్షరాలు దిద్దిన రోజులు గుర్తుతెచ్చుకోండి. 'అ' ఎన్నిసార్లు దిద్దితే వచ్చింది? చేతికి కూడా అంతే. జంతువుల మీద ప్రయోగాల్లో రోజుకు కొన్ని వందలసార్లు కదలికను చేయించారు. మరి ఆస్పత్రుల్లో మనుషుల చేత ఎన్నిసార్లు చేయిస్తున్నారు? 2009లో కేథరిన్ లాంగ్ బృందం ఉత్తర అమెరికాలోని కేంద్రాల్లో కూర్చుని లెక్కపెట్టింది. చేతికి పనికివచ్చే కదలికలు ఒక్కో శిక్షణలో సగటున 32 మాత్రమే. పక్షవాతం వచ్చినవారు గంట సేపట్లో సుమారు 300 సార్లు చేయగలరని అదే పరిశోధకులు 2010లో చేసి చూపారు. ఎక్కడ 32, ఎక్కడ 300!

ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమే. 2021లో వెలువడిన ఒక పరిశీలనలో 72 మంది పాల్గొన్నారు. కొందరికి మామూలు చికిత్సకు అదనంగా 20 గంటల చేతి శిక్షణను వేర్వేరు సమయాల్లో ఇచ్చారు. పక్షవాతం వచ్చాక రెండు మూడు నెలల మధ్య పొందినవారికే ఎక్కువ మేలు జరిగింది. తర్వాత బాగుపడరని దీని అర్థం కాదు, మార్పు నెమ్మదిస్తుందని అర్థం. అలాగని మొదటి రోజునే రోగిని లేపి శ్రమ పెట్టడం కూడా మంచిది కాదని 2,000 మందికి పైగా రోగులతో జరిగిన మరో పరిశీలన 2015లో తేల్చింది. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడే చెప్పాలి.

ఇక్కడే చిక్కు వస్తుంది. ఫిజియోథెరపిస్టు ఒక్కరు, రోగులు అనేకమంది. రోజూ ఆస్పత్రికి తీసుకువెళ్ళాలంటే ఇంట్లో ఇంకొకరి కూలీ పోతుంది. 300 సార్లు ఎవరు చేయిస్తారు? ఎవరు లెక్కపెడతారు? ఈ ఖాళీని పూరించడానికే తొడుగు పరికరాలు పుట్టాయి.

తొడుగు పరికరాల్లో రకాలు

ఒకటి, కదలికను కనిపెట్టేవి. మీ సెల్‌ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా? అందులో ఉన్న త్వరణమాపకాన్నే మణికట్టుకు కడితే, రోజు మొత్తంలో ఏ చెయ్యి ఎంత కదిలిందో నమోదవుతుంది. వేళ్ళ వంపు తెలియాలంటే వంపు సెన్సర్ వాడతారు. అది ఒక సన్నని పట్టీ. వంచేకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. వేలు నిటారుగా ఉన్నప్పుడు సెన్సర్ నిరోధం 10 కిలో ఓమ్‌లు అనుకోండి. దానికి శ్రేణిలో 10 కిలో ఓమ్‌ల స్థిర నిరోధాన్ని కలిపి 5 వోల్టులు ఇస్తే, స్థిర నిరోధం మీద 2.5 వోల్టులు ఉంటాయి. వేలు వంచితే సెన్సర్ నిరోధం 20 కిలో ఓమ్‌లు అయిందనుకుంటే, స్థిర నిరోధం మీద వోల్టేజి సుమారు 1.67కు పడిపోతుంది. ఈ తేడాను చిన్న కంప్యూటర్ చదివి వేలు వంగిందని గ్రహిస్తుంది. మీరు పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం ఇక్కడ ఒక రోగికి ఉపయోగపడుతోంది. అమెరికాలో తయారైన ఒక తొడుగు ఇంకా సులువైనది: తెర మీద పాట సాగుతుంటే, తాళానికి తగ్గట్టు బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలను తాకాలి. తాకిన ప్రతిసారీ వలయం పూర్తయి లెక్క పెరుగుతుంది.

రెండు, కదలికకు సాయపడేవి. పక్షవాతం తర్వాత చాలామందికి పిడికిలి మూయడం కన్నా తెరవడం కష్టం. వేళ్ళను ముడిచే కండరాలు బిగుసుకుపోతాయి. అందుకే కొన్ని తొడుగుల్లో స్ప్రింగులు వేళ్ళను తెరిచి ఉంచుతాయి, మూసే పని రోగి చేస్తాడు. మరికొన్నింటిలో మోటార్లు తాళ్ళను లాగుతాయి, లేదా మెత్తని రబ్బరు గొట్టాల్లోకి గాలి నింపితే అవి వంగి వేళ్ళను వంచుతాయి.

మూడు, విద్యుత్ ప్రేరణ ఇచ్చేవి. ముంజేతి మీద అతికించిన పలకల ద్వారా చిన్న విద్యుత్ తరంగాలు పంపితే కండరం సంకోచిస్తుంది. 1961లో వ్లదిమీర్ లీబర్సన్ నడిచేటప్పుడు వాలిపోయే పాదాన్ని ఎత్తడానికి ఈ పద్ధతి వాడాడు. తర్వాత అది చేతికి కూడా వచ్చింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని వాడకూడదు.

నాలుగు, ఉద్దేశాన్ని చదివేవి. రోగి కదలించాలని ప్రయత్నించగానే, కదలిక కనబడకపోయినా, కండరంలో చిన్న విద్యుత్ సంకేతం పుట్టవచ్చు. దాన్ని పట్టుకుని మోటారు సాయం చేస్తుంది. తలకు పెట్టుకునే పట్టీతో మెదడు తరంగాలను చదివి చేతిని తెరిచే పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అనుమతి ఇచ్చింది.

మంచి చేతికి తొడుగు

వీటన్నిటికన్నా చవకైన తొడుగు మరొకటి ఉంది. దానిలో మోటారు లేదు, బ్యాటరీ లేదు. పైగా దాన్ని తొడిగేది బాగున్న చేతికి! మంచి చెయ్యి పనికి అడ్డం రాకుండా దానికి మెత్తని సంచిలాంటి తొడుగు వేసి, పనులన్నీ పడిపోయిన చేత్తోనే చేయిస్తారు. ఎడ్వర్డ్ టాబ్ ఆలోచన నుంచి పుట్టిన పద్ధతి ఇది. 2006లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశీలనలో 222 మంది పాల్గొన్నారు. వారికి పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైంది. రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం వరకు తొడుగు ఉంచి, రోజూ గంటల తరబడి శిక్షణ ఇచ్చారు. మామూలు చికిత్స పొందినవారికన్నా వీరి చెయ్యి మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. అయితే వేళ్ళనూ మణికట్టునూ కాస్తయినా ఎత్తగలిగినవారికే ఈ పద్ధతి పనికివస్తుంది. పడిపోయే ప్రమాదం ఉన్నవారికి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఒక అద్దం కూడా సాయం చేయగలదు. మన దేశంలో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ అద్దం పెట్టెను మొదట చెయ్యి కోల్పోయినవారి బాధకు వాడాడు. 1999లో ఆయనా, సహచరులూ పక్షవాత రోగులకు దాన్ని ప్రయత్నించారు. అద్దంలో మంచి చేతి ప్రతిబింబం కదులుతుంటే, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు మెదడుకు కనబడుతుంది.

పరీక్షల్లో తేలిందేమిటి?

ఖరీదైన యంత్రం అయితే మేలు కూడా ఎక్కువేనా? బ్రిటన్‌లో 770 మంది రోగులతో జరిగిన పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందులో వాడినది తొడుగు కాదు, బల్ల దగ్గర కూర్చుని చేతిని అమర్చుకునే రోబో. మామూలు చికిత్సతో పోలిస్తే రోబో శిక్షణ రోజువారీ పనుల్లో చేతి ఉపయోగాన్ని చెప్పుకోదగినంతగా పెంచలేదు. అనేక పరిశీలనలను కలిపి చూసిన సమీక్షల్లో ఇలాంటి యంత్రాలతో కొంత మేలు కనబడింది, కానీ ఆ మేలు రోగి జీవితంలో ఎంత తేడా తెస్తుందో తేలలేదు.

దీన్నిబట్టి యంత్రాలన్నీ దండగ అనుకోవద్దు. వీటినుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. మోటారు వేళ్ళను వంచుతుంటే, రోగి టీవీ చూస్తూ కూర్చుంటే కీళ్ళు బిగుసుకోకుండా ఉండవచ్చు, కానీ మెదడు పెద్దగా నేర్చుకోదు. చంటిపిల్లవాడి చెయ్యి పట్టుకుని మీరే దిద్దుతుంటే వాడికి అక్షరం రాదు. వాడు తడబడుతూ దిద్దుతుంటే అవసరమైన చోట మాత్రమే చెయ్యి ఆనించాలి. కాబట్టి ఏ పరికరాన్ని చూసినా మీరు అడగవలసిన ప్రశ్న ఇది: కదలించాల్సింది ఎవరు? రోగి ప్రయత్నించేవరకు ఆగి, తక్కువపడినంత మాత్రమే సాయం చేసి, చేయగలిగేకొద్దీ సాయం తగ్గించేదే మంచి పరికరం. ఆ కదలిక గ్లాసు పట్టుకోవడం, గుండీ పెట్టడం, పోగు ముడివేయడం వంటి నిజమైన పనికి దారితీయాలి.

మన దేశంలో

ఢిల్లీ ఐఐటీ ఇంజనీర్లు, అక్కడి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులతో కలిసి మణికట్టుకూ వేళ్ళకూ తొడిగే పరికరాన్ని రూపొందించారు. రోగి కండరాల్లో సంకేతం పుట్టినప్పుడే అది కదులుతుంది. దాన్ని కొద్దిమంది రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2022లో కాంతితో పనిచేసే మెత్తని తొడుగును ప్రకటించింది. పారదర్శక పదార్థం గుండా కాంతి ప్రసరిస్తుంటుంది. వేలు వంగితే అందులో మార్పు వస్తుంది, దాన్ని కొలిచి కదలికను గుర్తిస్తారు. రోగి చేతి కొలతకు తగ్గట్టు దాన్ని ముద్రించవచ్చు, 1000 రూపాయల లోపే తయారవుతుందని ఆశిస్తున్నట్టు అప్పట్లో చెప్పారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, మద్రాసు ఐఐటీ కలిసి చేసిన 'ప్లూటో', హైదరాబాద్‌లోని బీఏబుల్ హెల్త్ సంస్థ చేసిన 'ఆర్మేబుల్' తొడుగులు కావు, బల్ల మీద పెట్టి వాడేవి. అవీ ఆటల ద్వారా ఎక్కువసార్లు కదలించాలనే సూత్రం మీదే నడుస్తాయి.

ఇప్పుడు మళ్ళీ సూరత్‌కు వెళ్దాం. ఒక నేత కార్మికుడు ఆస్పత్రి నుంచి తన అద్దె గదికి తిరిగివచ్చాడనుకోండి. కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడుతోంది. ఎవరో ఇచ్చిన తొడుగు ఇంగ్లీషులో ఆదేశాలిస్తోంది. చుట్టూ గుజరాతీ, హిందీ. ఆయనకు అర్థమయ్యేది తెలుగు, అదీ నెమ్మదిగా చెబితే. ఆ తొడుగు ఎంత గొప్పదైనా పెట్టెలోనే ఉండిపోతుంది. అందుకే బొమ్మలతో చెప్పే, తెలుగులో పలికే, ఒక్క చేత్తో తొడుక్కోగలిగే, ఉక్కపోతలో చెమట పట్టినా ఉతుక్కోగలిగే పరికరం కావాలి. స్పర్శ తగ్గిన చేతికి ఒరుసుకున్నా తెలియదు కాబట్టి, తీసిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు చర్మాన్ని చూడాలి. భుజాన్ని, మోచేతిని లాగకూడదు. వారానికోసారైనా ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

తొడుగు దొరకకపోయినా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. గిన్నెలో శనగలు, ఖాళీ కండెలు, ఒక తువ్వాలు చాలు. ఆ ఇంట్లో చదువుకునే అబ్బాయి పక్కన కూర్చుని, "బాపూ, నువ్వే పట్టుకో, నేను లెక్కపెడతా" అంటే అది కూడా చికిత్సలో భాగమే. గింజ జారిపోతే వెంటనే తీసి చేతిలో పెట్టకండి. కాస్త ఆగండి. ఆ తడబాటులోనే మెదడు నేర్చుకుంటోంది.

మరువకూడని సంగతులు

ముఖం ఒకవైపు వంకరపోవడం, చేతులు చాపమంటే ఒకటి వాలిపోవడం, మాట ముద్దగా రావడం — వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలై 2007లో గుజరాత్‌కు చేరింది. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అంతకుముందు స్కానింగ్ తీయాలి. కనుక లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి ఉంచండి. పావురం రక్తం రాస్తే తగ్గుతుందని తిరిగేవారి మాట విని ఆ గంటలు పోగొట్టుకోవద్దు. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం, పొగాకు మానడం చాలావరకు పక్షవాతాన్ని రాకుండానే ఆపగలవు.

మీలో ఇంజనీరింగ్ చదవబోయేవారికి ఒక పని. వంపు సెన్సర్‌తో ఒక తొడుగు తయారు చేయండి. అది వేలు వంగిన ప్రతిసారీ తెలుగులో అంకె చెప్పాలి. ఒకటి, రెండు, మూడు... మూడు వందల దాకా. తయారయ్యాక మోటారు బిగించాలని మీకు అనిపించవచ్చు. బిగించే ముందు మాత్రం ఒక ఫిజియోథెరపిస్టునూ, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక మనిషినీ కలిసి, ఎక్కడ సాయం కావాలో, ఎక్కడ వద్దో అడిగి తెలుసుకోండి.